రిజిస్ట్రేషన్ అయింది.. మరి లేఅవుట్ మాటేమిటి?

పట్టణాలకు, మండల కేంద్రాలకు దారితీసే రహదారుల వెంట మొన్నటి వరకు పైరు పండిన చేలలో నేడు రంగు పూసిన హద్దు రాళ్లు దర్శనమిస్తున్నాయి. గజాల లెక్కన, వాయిదాల పద్ధతిలో అమ్మకాలు సాగుతున్నాయి. కూతురి పెళ్లికి దాచిన సొమ్ము, గల్ఫ్ నుంచి పంపిన సంపాదన, పదవీ విరమణ వేళ అందిన పైకం ఈ రాళ్ల మధ్యకే చేరుతున్నాయి. దస్తావేజు చేతికి రాగానే ఇక బెంగ లేదని కొనుగోలుదారులు భావిస్తున్నారు. ఇంటి అనుమతికి దరఖాస్తు చేసినప్పుడు గానీ అసలు సంగతి బయటపడటం లేదు.

రిజిస్ట్రేషన్ అనేది లావాదేవీ నమోదు మాత్రమే. అమ్మిన వ్యక్తికి హక్కు ఉన్నదా లేదా తేల్చడం రిజిస్ట్రేషన్ అధికారి పని కాదని తమిళనాడుకు సంబంధించిన ఒక కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేరిన భూములను మాత్రం నమోదు చేయరు. ఆ నేలపై ఇల్లు కట్టవచ్చునా అన్నది వేరే చట్టాల పరిధిలోని అంశం.

సాగుభూమి ఇంటి స్థలంగా మారాలంటే తెలంగాణలో రెండు మెట్లు దాటాలి. మొదటిది 2006 చట్టం ప్రకారం రుసుము చెల్లించి పొందే వ్యవసాయేతర మార్పిడి. దీన్నే వాడుకలో 'నాలా' అంటున్నారు. ఇది మురుగు కాలువ కాదు, 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఆంగ్ల నామానికి పొట్టి పేరు. ఆ చట్టం రద్దయినా పేరు మిగిలింది. రెండోది లేఅవుట్ అనుమతి. గ్రామ పంచాయతీ సొంతంగా దీన్ని ఇవ్వజాలదు. పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం (డీటీసీపీ) సాంకేతిక ఆమోదం తప్పనిసరి. హెచ్ఎండీఏ పరిధిలో ఆ సంస్థదే నిర్ణయం. పలుచోట్ల మధ్యవర్తులు మొదటి కాగితాన్ని చూపించి రెండోది కూడా ఉన్నట్లే నమ్మిస్తున్నారు. గుంటల లెక్కన 'ఫామ్ ప్లాట్లు'గా అమ్మేచోట చాలావరకు మొదటి మెట్టు కూడా ఎక్కరు.

చౌక ధర వెనుక లెక్క

అనుమతి లేని ప్లాటు ఎందుకు చౌకగా దొరుకుతుందో తెలియాలంటే ఎకరా లెక్క చూడాలి. ఎకరా అంటే 4,840 గజాలు. నిబంధనల ప్రకారం పదో వంతు, అంటే 484 గజాలు ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లకు 30 శాతం పోతుందనుకుంటే మరో 1,452 గజాలు తగ్గుతాయి. అమ్మకానికి మిగిలేది 2,904 గజాలే. ఖాళీ స్థలం ఎగ్గొట్టి, సందుల్లాంటి దారులతో 20 శాతంతో సరిపెడితే 3,872 గజాలు అమ్ముకోవచ్చు. ఎకరాకు 968 గజాలు అదనం! మురుగు కాలువ, నీటి గొట్టం, వీధి దీపాల ఖర్చు సైతం మిగిలిపోతుంది. కొనుగోలుదారుకు తగ్గిన ధరగా కనిపించేది నిజానికి ఆ కాలనీకి దక్కకుండా పోయిన రోడ్డు, ఆటస్థలం, వాననీరు పోయే దారి.

ఆ లోటును పూడ్చే భారం చివరకు కొన్నవారి మీదే పడుతోంది. క్రమబద్ధీకరణ పథకాలను ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరులో, తెలంగాణలో 2015లో, మళ్లీ 2020 ఆగస్టులో తెచ్చారు. 2020లో వచ్చిన దరఖాస్తులే 25 లక్షలు దాటాయి. వాటి పరిష్కారం ఏళ్లు సాగగా, 2025లో రుసుముపై 25 శాతం రాయితీ ప్రకటించారు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం లేకుంటే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా చెల్లించాలి. రిజిస్ట్రేషన్ నాటి విలువ రెండు లక్షలైతే ఇదొక్కటే రూ.28 వేలు. క్రమబద్ధీకరణ రుసుము దీనికి అదనం. వెంచర్ వేసిన వ్యక్తి అప్పటికి మరో ఊళ్లో రాళ్లు పాతుతుంటాడు. ఇంత కట్టినా ఇరుకు దారి వెడల్పు కాదు, అమ్ముడైపోయిన ఆటస్థలం తిరిగి రాదు. పథకం వెంట పథకం వస్తుండటంతో 'రేపు ఎలాగూ రెగ్యులర్ చేస్తారు' అన్న మాటే అమ్మకందారులకు ప్రచారాస్త్రంగా మారింది.

అన్నింటికీ ఈ వెసులుబాటు లేదు. చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోని భూములకు, దేవాదాయ, వక్ఫ్ భూములకు క్రమబద్ధీకరణ వర్తించదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్ల మేర నిర్మాణాలు చేపట్టరాదు. వేసవిలో చూసి కొన్నవారికి ఆ హద్దు ఆనవాలు కూడా కనిపించదు. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. కొన్నవారికి హక్కు సంక్రమించదు.

కొనే ముందు ఏం చూడాలి?

బయానా ఇవ్వకముందే లేఅవుట్ అనుమతి నంబరు అడిగి డీటీసీపీ లేదా స్థానిక సంస్థ కార్యాలయంలో సరిచూసుకోవాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు 2016 నాటి రెరా చట్టం కింద నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. 'ప్రీ లాంచ్' పేరిట తీసుకునే అడ్వాన్సులు కూడా ఈ కోవలోనివే.

అనుమతి ఉన్నచోట కూడా ఒక మెలిక ఉంది. రోడ్లు, కాలువలు పూర్తిచేస్తాననే హామీగా యజమాని 15 శాతం స్థలాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. పనులు ముగిసి తుది అనుమతి వచ్చేదాకా ఆ ప్లాట్లు అమ్మరాదు. వాటి నంబర్లు తనఖా దస్తావేజులో ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయిస్తే తెలుస్తాయి.