ఎర్ర గాజు మీద నల్ల అక్షరం

రైలు దారిలో ఎర్రదీపం కనబడితే బండి ఆపాలి. ఇది చిన్నపిల్లలకూ తెలుసు. ఆగిన తర్వాత ఏం చేయాలన్నది మాత్రం ఎరుపు చెప్పదు, స్తంభానికి బిగించిన గుండ్రటి పలక మీది అక్షరం చెబుతుంది. పసుపు పలక మీద నల్లరంగుతో 'జి' అని ఉంటే అది లెవెల్ క్రాసింగ్ గేటును కాచే సిగ్నల్. లోకో పైలట్ పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగుతాడు. అప్పటికీ దీపం మారకపోతే గేటు దాకా జాగ్రత్తగా వెళ్ళి చూసుకుంటాడు. తెల్ల పలక మీద 'ఎ' ఉంటే అది ఆటోమేటిక్ సిగ్నల్. అక్కడా అంతే సేపు ఆగి, ముందు దారి చూసుకుంటూ నెమ్మదిగా కదలవచ్చు. ఏ అక్షరమూ లేని స్టాప్ సిగ్నల్ ఎర్రగా ఉంటే మాత్రం అనుమతి లేనిదే చక్రం తిరగకూడదు. ఎరుపు ఒక్కటే, దానికి అర్థాలు మూడు. ఆ తేడా అంతా వెంట్రుకంత మందమైన రంగుపూతలో ఉంది. అందుకే సిగ్నళ్ళ మీది రాతను కాపాడడం అలంకరణ పని అనుకోకూడదు. యంత్రం చెప్పే మాటను చెడిపోకుండా నిలపడమది.

నంద్యాల ప్రాంతానికి సిగ్నల్ దీపాలతో పాత చుట్టరికమే ఉంది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ వైపు సాగిన మీటర్‌గేజి మార్గం 19వ శతాబ్దం చివరి నాటిది. ఉయ్యాలవాడ పక్కనున్న కోయిలకుంట్లకు మాత్రం రైలు నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంతో 2016లో వచ్చింది. ఈ రెండింటి మధ్య సిగ్నల్ దీపం కిరసనాయిలు వత్తి నుంచి ఎల్‌ఈడీ దాకా ప్రయాణించింది.

రెక్క సిగ్నళ్ళ కాలంలో రెక్కకు ఒక చివర ఎరుపు, ఆకుపచ్చ గాజులు బిగించి ఉండేవి. రాత్రిపూట వాటి వెనక కిరసనాయిలు దీపం వెలిగేది. రెక్క పైకీ కిందికీ కదిలినప్పుడు దీపం ముందుకు ఒక్కో గాజు వచ్చేది. ఆ ఆకుపచ్చ గాజును తీసి ఎండలో చూస్తే నీలంగా కనిపిస్తుంది. కారణం మంట రంగే. కిరసనాయిలు వెలుగు బాగా పసుపు. దాన్ని ఆకుపచ్చగా చూపాలంటే గాజులో నీలం పాలు ఎక్కువ ఉండాలి. పాత గాజులు సేకరించేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నీలంగా ఉందని అసలు గాజునే తీసి పారేసినవారున్నారు.

వీధి సిగ్నల్ పుట్టిందీ రైల్వే ఇంట్లోనే. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం దగ్గర రైల్వే ఇంజనీరు జాన్ పీక్ నైట్ రెక్కలతో, గ్యాస్ దీపాలతో ఒక సిగ్నల్ నిలబెట్టించాడు. నెల తిరిగీ తిరక్కుండానే గ్యాస్ పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. మళ్ళీ ఈ ఆలోచన నిలదొక్కుకోవడానికి కరెంటు రావాల్సి వచ్చింది. 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విద్యుత్ సిగ్నల్ వెలిగింది. దానికి మూలమైన జేమ్స్ హోగ్ రూపకల్పనలో 'స్టాప్', 'మూవ్' అనే మాటలే దీపంతో వెలిగేవి. రంగును చూసి ఆగాలన్నది జనానికి ఇంకా అలవాటు కాలేదు. అందుకని యంత్రం మాటను కూడా తోడు తెచ్చుకుంది. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ నాలుగు వైపులా మూడు రంగులు చూపే సిగ్నల్ పెట్టాడు. ఆ తర్వాత చాలా కాలం కొన్ని ఊళ్ళ ఎర్రగాజుల మీద 'స్టాప్' అనీ, ఆకుపచ్చ గాజుల మీద 'గో' అనీ రాసి ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపున్నవారికి ఆ మాట పనికొచ్చేది. రంగుల వరుస అంతటా ఒకేలా స్థిరపడ్డాక, పైనుంటే ఎరుపు అని స్థానమే చెప్పసాగింది. మాటల అవసరం తగ్గింది. అయినా అవి పూర్తిగా పోలేదు. ఢిల్లీలో కొన్ని కూడళ్ళలో ఎర్రదీపం మీద 'రిలాక్స్' అని రాసి, ఆగినవారిని స్థిమితపడమని చెప్పారు.

ఇలా మాట రాసిన సిగ్నల్ గాజులో, అంటే లెన్సులో, రెండు వేర్వేరు పదార్థాలు కలిసి బతుకుతాయి. ఒకటి రంగు గాజు. కరిగిన గాజులో సెలీనియం, కాడ్మియం సమ్మేళనాలు కలిపితే ఎరుపు వస్తుంది, రాగి, క్రోమియం కలిపితే ఆకుపచ్చ వస్తుంది. ఆ రంగు గాజు మందమంతా ఉంటుంది కాబట్టి ఎండకు వెలవదు, వానకు కడుక్కుపోదు. లెన్సు లోపలి వైపు ఉండే గట్లు వెలుగును దారి వైపు మళ్ళిస్తాయి. దుమ్ము నిలవకుండా బయటి వైపు నున్నగా ఉంచుతారు. రెండో పదార్థం అక్షరం. ఆళ్ళగడ్డ శిల్పి రాతిలో అక్షరం చెక్కితే దానికి లోతు ఉంటుంది, పైపొర అరిగినా మాట మిగులుతుంది. గాజు మీది అక్షరానికి లోతు లేదు.

ఆ అక్షరాన్ని రెండు పద్ధతుల్లో రాసేవారు. మంచి పద్ధతిలో గాజుపొడి, లోహపు రంగు కలిపిన ఎనామెల్ పూసి కొలిమిలో కాల్చేవారు. అది గాజుతో ఏకమై దశాబ్దాలు నిలుస్తుంది. చౌక పద్ధతిలో మామూలు పెయింటును స్టెన్సిల్ మీదుగా పూసి ఆరబెట్టేవారు. ముందు చెడేది ఈ రెండోదే. బల్బు వెలిగినప్పుడల్లా గాజు వేడెక్కుతుంది, ఆరినప్పుడల్లా చల్లబడుతుంది. వేడికి పెయింటు గాజు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. నలుపు ఎండ వేడిని మరింత పీల్చుకుంటుంది. రాయలసీమ వేసవిలా 40 డిగ్రీలు దాటే చోట ఈ లాగులాట ఇంకా తీవ్రం. నున్నటి గాజు మీద పట్టు తక్కువ కనుక అంచుల్లో పగుళ్ళు వస్తాయి, వాటిలోకి తేమ దిగుతుంది, పెయింటు పెచ్చులుగా లేస్తుంది.

బాగుచేయడం పరిశీలనతో మొదలవ్వాలి. లెన్సును ముందు వైపు వెలుగులో ఒకసారి, వెనక దీపం పెట్టి ఒకసారి, పక్క నుంచి ఏటవాలు వెలుగులో ఒకసారి ఫోటో తీయాలి. మూడోది చాలా ముఖ్యం. పెయింటు కప్పి ఉంచిన చోట గాజు ఎండావానలకు తక్కువ గురవుతుంది. అందువల్ల ఊడిపోయిన అక్షరం హద్దు కూడా ఏటవాలు వెలుగులో నీడలా కనబడుతుంది. ఆ హద్దును ట్రేసింగ్ పేపరు మీదికి ఎక్కించుకోవాలి. కంప్యూటరులో దొరికే నేటి అక్షరాల అచ్చు వాడితే దిద్దినట్టు కాదు, కొత్త అక్షరం పెట్టినట్టవుతుంది.

తర్వాత శుభ్రత. డిస్టిల్డ్ వాటరులో తేలికపాటి సబ్బు చుక్క వేసి, దూది పుల్లతో ఒక మూల పరీక్షించాలి. దూదికి నలుపు అంటితే అది కాల్చని పెయింటు, అక్కడితో ఆగాలి. అంటకపోతే ఎనామెల్ అయి ఉండవచ్చు, అయినా తొందర తగదు. యాసిడ్, చింతపండు, గిన్నెలు తోమే పీచు ఏవీ తాకించకూడదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకకూడదు, చేతులకు తొడుగులు వేసుకోవాలి.

లేస్తున్న పెచ్చులను మ్యూజియం నిపుణులు పలుచని యాక్రిలిక్ రెసిన్‌తో అతికిస్తారు. పారలాయిడ్ బి-72 అనే రెసిన్ ఇందుకు ప్రసిద్ధి. అసిటోన్‌తో దాన్ని మళ్ళీ కరిగించి తీయవచ్చు. రేపు మరొకరు మన తప్పు దిద్దగలిగేలా పనిచేయాలన్నది ఈ రంగంలో మొదటి ధర్మం. ఊడిన మేరకే స్టెన్సిల్ పెట్టి నింపాలి, మిగిలిన పాత రంగు మీద పూయకూడదు. ఒక మందపు పూత కన్నా రెండు పలుచని పూతలు మేలు. ఆరాక వెనక దీపం పెట్టి చూస్తే సూదిమొనంత వెలుగు కారే చోట్లు బయటపడతాయి, వాటిని సన్న కుంచెతో మూయాలి. ప్రదర్శనకు పాత బల్బు బదులు తక్కువ వేడినిచ్చే ఎల్‌ఈడీ పెడితే కొత్త పూత ఎక్కువ కాలం ఉంటుంది. ఇదంతా విధుల నుంచి దిగిపోయిన లెన్సులకే. పనిచేస్తున్న సిగ్నల్‌ను రైల్వే సిబ్బంది తప్ప మరెవరూ ముట్టకూడదు.

నేటి ఎల్‌ఈడీ సిగ్నల్‌లో రంగు దీపంలోనే పుడుతుంది, రంగు గాజు అవసరమే లేదు. అందుకే పాత లెన్సులు తూకానికి వెళ్తున్నాయి. 1957 నుంచి సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణనిస్తున్న సంస్థ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. సిగ్నళ్ళ విద్య తెలిసినవారు మన మధ్య ఉన్నారన్నమాట. నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు ఎవరి దగ్గరైనా పాత సిగ్నల్ గాజు గానీ అక్షరాల పలక గానీ ఉంటే తోమకండి, కొత్త రంగు వేయకండి. ఫోటో తీసి, ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాగితం మీద రాసి జత చేయండి. తర్వాత దగ్గరి కళాశాలకో మ్యూజియానికో చూపించండి.