వేళ యెఱిగిన కావలి

పాఠశాలలోని కంప్యూటర్లకును ఇంటర్నెట్టునకును నడుమ ఫైర్‌వాల్ అను కావలి యుండును. వచ్చిపోవు ప్రతి ప్యాకెట్టును అది నిలిపి, వ్రాసియుంచిన నిబంధనలను పైనుండి వరుసగా చూచి, మొదట సరిపడిన దానిని బట్టి నడచుకొనును. ఈ నిబంధనలకు వేళను గూడ చేర్చవచ్చును. లినక్సునందలి ఐపీటేబుల్స్‌కు ఆ శక్తి కలదు.

అయితే ఎవరి వేళ? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మనము వేఱుగ చెప్పనిచో ఐపీటేబుల్స్ యూటీసీ యను విశ్వకాలమునే పాటించును. భారతకాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. ఉదయము 9 మొదలు సాయంత్రము 4 వరకు వినోదపు వీడియోలు వలదని వ్రాసితిమేని, ఆ నిషేధము మనకు మధ్యాహ్నము 2.30కు మొదలై రాత్రి 9.30కు ముగియును! ఉదయపు తరగతులలో తలుపులు బార్లా తెఱచియుండును. సాయంత్రము వీడియో పాఠము చూడగోరు వసతిగృహ విద్యార్థికి అవి మూతపడును. మన బడివేళ కావలెనన్నచో 3.30 మొదలు 10.30 వరకు అని వ్రాయవలెను.

పంచాంగమున వారము సూర్యోదయముతో మారును, యంత్రమునకు అర్ధరాత్రితోనే. సోమవారము రాత్రి 11 మొదలు 1 వరకనిన మనకు ఒకే రాత్రి. 'కంటిగ్యువస్' అను ఎంపికను చేర్చనిచో యంత్రము దానిని సోమవారపు తొలి గంటగను, తుది గంటగను రెండుగ చీల్చును.

బ్యాటరీ గడియారము లేని చిన్న రూటర్లు, కరెంటు పోయివచ్చిన పిదప, ఎన్‌టీపీ సర్వరు నడిగియే వేళ తెలిసికొనును. ఆ ప్రశ్నకు మాత్రము ఎల్లవేళల దారి విడువవలెను.