చెక్క పెన్నుకు సూపర్‌గ్లూ పూత: ఎందుకు? ఎలా?

చేత్తో చేసిన చెక్క పెన్ను తళతళలాడుతుంటే చూసినవాళ్లు ముందుగా అడిగేది "ఇది ఏ వార్నిష్?" అని. సూపర్‌గ్లూ అంటే ఓ పట్టాన నమ్మరు. ఊడిన చెప్పు అంచుకీ, విరిగిన కప్పు చెవికీ వాడే జిగురును పూతగా వేయడమేమిటన్న సందేహం న్యాయమైనదే. ఈ పని నేర్చుకుంటున్నవాళ్ల ప్రశ్నలు ఇంకా లోతుగా ఉంటాయి. ఇన్ని పల్చటి పూతలెందుకు? వానాకాలంలో తెల్లబడుతుందెందుకు? చివర్లలో లేచిపోతుందెందుకు? చాలావాటికి మూలం ఒక్కటే: ఈ జిగురు తడి ఆరి గట్టిపడేది కాదు, తడి తగిలి గట్టిపడేది. ఈ సంగతి మనసుకెక్కితే పని సగం వచ్చినట్టే.

వార్నిష్, లక్క, మైనం ఉండగా జిగురే ఎందుకు?

బల్లకో తలుపుకో లేని కష్టం పెన్నుకుంది. రోజూ అవే మూడు వేళ్లు అదే చోట నొక్కుతాయి. చెమట, నూనె, జేబులో తాళంచెవుల రాపిడి తప్పవు. మైనం పూస్తే చేతికి హాయిగా ఉంటుంది కానీ వేళ్లు పట్టే చోట త్వరగా పోతుంది. అవిసె నూనె చెక్క రంగును అందంగా పైకి తెస్తుంది, రాపిడికి మాత్రం పెద్దగా అడ్డుపడదు. పాలీయురేథేన్ గట్టిదే. అయితే పూతకూ పూతకూ మధ్య గంటలు ఆగాలి, ఆలోగా దుమ్ము వచ్చి వాలుతుంది.

లక్క సంగతి వేరుగా చెప్పుకోవాలి, అది మన దగ్గర పండిన విద్య. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను ఒత్తిపడతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రకు పట్టుకుంటుంది. తిరుగుతున్న కర్ర మీదే పూత వేయడమన్న పద్ధతి పెన్నుల వాళ్లకంటే ఎంతో ముందే అక్కడుంది. ఆ నునుపు చూశాక ఇంకో పూత ఎందుకనిపిస్తుంది. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది, ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తోనే పెన్ను పట్టుకుంటున్నాం కదా. బొమ్మకు సరిపోయిన పూత పెన్నుకు సరిపోకపోవడం లక్క లోపం కాదు, వాడకంలో తేడా.

రాజమండ్రి రత్నం పెన్నులకు పూతే లేదు కదా అనవచ్చు. అవి ఎబొనైట్‌తో చేసినవి, అంటే గంధకంతో ఉడికించి గట్టిపరిచిన రబ్బరు. దానికి నీరు పట్టదు, బఫ్ చక్రం మీద రుద్దితే దానికదే మెరుస్తుంది. చెక్క అలా కాదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. దానికి తొడుగు కావాలి.

జిగురు తొడుగుగా ఎలా మారుతుంది?

ఈ పదార్థం పేరు సయనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుండగా ఇది చేతికొచ్చింది. తాకిన ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేశారు. 1951లో అదే కంపెనీలో ఫ్రెడ్ జాయ్‌నర్ కాంతి వక్రీభవనం కొలిచే పరికరంలో దీన్ని పరీక్షించబోతే పట్టకాలు రెండూ అతుక్కుపోయాయి. అప్పుడు కూవర్‌కు దీని విలువ తెలిసింది. 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో బజారులోకి వచ్చింది.

తాకినదానికల్లా అంటుకోవడానికి కారణం, దాదాపు ప్రతి వస్తువు మీదా కంటికి కనపడని తేమ పొర ఉండటమే. ఆ తేమలోని హైడ్రాక్సైడ్ అయాన్ ఒక అణువును తాకితే అది పక్కదాన్ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని. క్షణాల్లో పొడవాటి గొలుసులు పెరిగి ద్రవం కాస్తా గట్టి, స్వచ్ఛమైన ప్లాస్టిక్ అవుతుంది. రెండు వస్తువుల మధ్య ఇది జరిగితే అతుకు, ఒక వస్తువు పైన జరిగితే పూత. ట్యూబులో ముందే గట్టిపడకుండా తయారీదారులు కొంచెం ఆమ్లం కలుపుతారు. ఆ ఆమ్లాన్ని దాటడానికి పైనున్న తేమ చాలాలి.

అయితే ఒకేసారి మందంగా వేసేస్తే?

తేమ అందేది పైనుంచి, అడుగునుంచి. మధ్యలోకి చేరదు. మందంగా పోస్తే కాచిన పాల మీద మీగడలా పైన పొర కట్టి లోపల ద్రవం ఉండిపోతుంది. ఆ ద్రవం నెమ్మదిగా గట్టిపడుతూ కుంచించుకుంటే పొర ముడతలు పడుతుంది, పగుళ్లు తీస్తుంది. అందుకే ఒక్కో పూతా పల్చగా ఉండాలి. మందం పూతల సంఖ్యతో రావాలి.

వేసే తీరు

మొదట చెక్క. పెన్ను దిమ్మెను మధ్యలో తొలిచి ఇత్తడి గొట్టం అతికిస్తారు. సన్నపాటి పెన్నుకు అది 7 మిల్లీమీటర్ల గొట్టం. దాన్ని లేత్‌కు ఎక్కించి తిప్పుతూ చెక్కుతారు. కొలతకు సరిగ్గా చెక్కకుండా వెంట్రుకవాసి తక్కువ చేయాలి, ఎందుకంటే పూతకూ మందం ఉంది. పచ్చి చెక్క పనికిరాదు, బాగా ఎండాలి. పూత వేశాక కుంచించుకునే చెక్క తన పూతను తానే పగలగొడుతుంది.

ఉప్పు కాగితం 150 నుంచి మొదలుపెట్టి 400, 600 దాకా రావాలి. ప్రతి నంబరు తర్వాతా లేత్ ఆపి, చెక్క నారల వెంట పొడవుగా చేత్తో రుద్దాలి. అడ్డంగా మిగిలిన గీతలు చెక్క మీద కనపడకపోవచ్చు, పూత పడగానే ఎద్దేవా చేస్తున్నట్టు బయటపడతాయి. పొడి పూర్తిగా తుడవాలి. టేకు, రోజ్‌వుడ్‌లలో సహజంగా నూనె ఉంటుంది, వాటిని అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వాలి.

ఇప్పుడు జిగురు. మొదటి రెండు పూతలకు నీళ్లలాంటి పల్చటి రకం. అది చెక్క నారల్లోకి ఇంకి వేరు పట్టినట్టు నిలుస్తుంది. తర్వాత కాస్త చిక్కటి రకం. పేపర్ టవల్‌ను చిన్న పట్టీగా మడిచి, లేత్‌ను నిదానంగా తిప్పుతూ, పట్టీని చెక్క అడుగున ఆనించాలి. పైనుంచి మూడు నాలుగు చుక్కలు వదులుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే ఊపులో లాగి తీసేయాలి. రెండోసారి వెనక్కి రుద్దకూడదు. అప్పటికే గొలుసులు కట్టడం మొదలై ఉంటుంది, పట్టీ అంటుకుని గాట్లు పడతాయి. ఒక నిమిషమో రెండో ఆగి మరో పూత. ఆరు నుంచి పది పూతలు చాలు.

ఆపైన చదును చేయడం. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. 600 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దుతుంటే పూత మసకబారుతుంది, మధ్యలో అక్కడక్కడ మెరిసే చుక్కలు మిగులుతాయి. ఆ మెరుపు చుక్కలు పల్లాలు. పెన్నును దీపం కింద తిప్పి చూస్తూ ఒక్క చుక్క కూడా లేకుండా అంతా ఒకే మసక అయ్యేదాకా రుద్దాలి. తొందరపడి వదిలేస్తే ఆ పల్లాలు చివరి మెరుగులో నారింజ తొక్కలా కనపడతాయి. మరీ రుద్దితే పూత తెగి చెక్క రంగు మారిన మచ్చ తేలుతుంది. అక్కడ ఇంకో రెండు పూతలు వేసి మళ్లీ చదును చేయాల్సిందే. తర్వాత 1500 నుంచి 12000 దాకా మైక్రోమెష్ గుడ్డలతో తడిపి రుద్ది, చివర ప్లాస్టిక్ పాలిష్ పెడితే మెరుపు వస్తుంది.

చివర్లలో పూత ఎందుకు లేస్తుంది?

ఎక్కువ పెన్నులు పాడయ్యేది ఇక్కడే. చెక్క లోహపు భాగాన్ని కలిసే చోట పూత తెగుతుంది, నారల కొసలు తెరుచుకుని ఉంటాయి. తడిపి రుద్దేటప్పుడు నీళ్లు, ఆ తర్వాత చెమట అక్కడినుంచే లోపలికి పాకుతాయి. చెక్క ఉబ్బి పూత కింద తెల్లటి గీత కనపడుతుంది. తడి పని మొదలుపెట్టే ముందే రెండు చివర్లకూ పల్చటి జిగురు అంటించి నారల నోళ్లు మూయాలి. మన్నికకు ఎనిమిదో పూతకంటే ఈ చుక్కలే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. ఇంకో సంగతి: లేత్ మీద చెక్కకు రెండు పక్కలా ఉండే ఇనుప వలయాలు, అంటే బుష్‌లు కూడా అతుక్కుపోతాయి. పూత వేసే ముందు వాటిని తీసి, జిగురు అంటని డెల్రిన్ లేదా పాలిథీన్ ప్లాస్టిక్ బుష్‌లు పెట్టుకోవాలి.

వానాకాలంలో తెల్లబడటమెందుకు?

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలి తేమగా ఉన్న రోజున జిగురు ఆవిరి గాలిలోనే తేమను కలిసి గట్టిపడి, తెల్లటి పొడిగా చెక్క మీద వాలుతుంది. మెల్లగా ఫ్యాన్ గాలి ఆడనిస్తే ఆ ఆవిరి పక్కకు పోతుంది. తెలంగాణ ఎండాకాలంలో ఇందుకు విరుద్ధం, గట్టిపడటానికి ఆలస్యమవుతుంది. అప్పుడు చాలామంది త్వరగా గట్టిపరిచే స్ప్రే కొడతారు. దగ్గరనుంచి ఎక్కువగా కొడితే జిగురు వేడెక్కి బుడగలతో మబ్బుగా మారుతుంది. దూరం నుంచి ఒక్క తుంపర చాలు. నా మటుకు నేనైతే స్ప్రే మానేసి ఇంకో రెండు నిమిషాలు ఆగమంటాను.

నిల్వకూ ఇదే సూత్రం. మూత బిగించి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది వేడికి వచ్చాకే తెరవాలి, లేదంటే చల్లటి మూతి మీద నీరు పట్టి లోపలికి చేరుతుంది.

దూది, నూలు గుడ్డ ఎందుకు వద్దంటారు?

ఇక్కడ జాగ్రత్త తప్పనిసరి. నూలు పోగుల ఉపరితలం చాలా ఎక్కువ, అందులో తేమ ఉంటుంది. జిగురు పడగానే మొత్తం ఒకేసారి గట్టిపడి చెయ్యి కాలేంత వేడి పుడుతుంది, పొగ రావచ్చు, నిప్పు అంటుకోవచ్చు కూడా. నూలు చేతితొడుగులు అసలు వద్దు, నైట్రైల్‌వి వేసుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి, కిటికీలు తెరవండి, ఆవిరి కళ్లనూ ముక్కునూ మండిస్తుంది. వేళ్లు అతుక్కుంటే గుంజకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూ డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ప్రతి చెక్కకూ ఈ పూత వేయాలా?

అక్కర్లేదు. మామిడి లాంటి లేత రంగు చెక్కలకు, పుచ్చు గీతలతో మెత్తబడిన చెక్కలకు ఇది నిజంగా ప్రాణం పోస్తుంది. పిండిలా రాలే చెక్క కూడా పల్చటి జిగురు తాగి గట్టిపడుతుంది. దట్టమైన రోజ్‌వుడ్‌కు మాత్రం నూనె, మైనమే చాలంటాను. ఈ పూతలో వేలికి తగిలేది ప్లాస్టిక్, చెక్క కాదు. ఆ స్పర్శ కోసమే చెక్క పెన్ను కోరుకునేవారికి ముందే చెప్పాలి.

పూత దెబ్బతింటే బాగుచేయవచ్చా?

గీతలు పడితే నున్నటి వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 12000 దాకా వెళ్తే పోతాయి. కింద పడి చిన్న పెచ్చు ఊడితే ఆ గుంటలో ఒక చుక్క వేసి, పూర్తిగా గట్టిపడ్డాక పక్కలతో సమం చేయొచ్చు. తెల్లటి గీత చెక్క లోపలికి పాకి ఉంటే పైపూతలతో లాభం లేదు. పెన్ను భాగాలు విప్పి, పూత మొత్తం రుద్దేసి, చెక్కను కొన్ని రోజులు ఆరబెట్టి మొదటినుంచి వేయాలి. గోళ్ల రంగు తీసే ద్రావకం దగ్గరకు మాత్రం ఆ పెన్నును రానివ్వకండి. అందులో సాధారణంగా అసిటోన్ ఉంటుంది, అది ఈ పూతను మెత్తబరిచి కరిగిస్తుంది.