జబ్బు దినముల భృతి – వైద్య ధ్రువపత్రము

నెలజీతముపై సంసారము నడుపుకొను ఇంటిలో సంపాదించు మనిషి జబ్బుపడినచో రెండు కష్టములు ఒకేసారి వచ్చును. మందులకు ఖర్చు పెరుగును. అదే సమయమున రాబడి ఆగిపోవును. మొదటి కష్టము వెంటనే కనబడును. రెండవది నెలాఖరున గాని తెలియదు. ఇంటి అద్దె, పాల బాకీ, పిల్లల బడి జీతము – ఇవి జబ్బు నయమగువరకు వేచియుండవు. అందుచేత పలువురు కార్మికులు ఒంటిలో సత్తువ చేరకమునుపే పనిలోనికి పోయి, మరల మంచము పట్టుచుందురు.

ఈ దుస్థితిని తప్పించుటకే మన దేశమున ఉద్యోగుల రాజ్య బీమా పథకము ఏర్పడినది. జనులు దీనిని ఇ.ఎస్.ఐ. అని పిలుచుచున్నారు. పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాను గూర్చి ప్రొఫెసరు బి.పి. అదార్కరు 1944లో భారత ప్రభుత్వమునకు నివేదిక సమర్పించిరి. 1948లో చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరులో ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూ పథకమును ప్రారంభించిరి. ఆ చట్టములోని ఏర్పాట్లు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చబడినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారినను మూలసూత్రము మారలేదు. ఆరోగ్యముగా నున్న దినములలో అందరును కొంచెము కొంచెముగా చెల్లించి, జబ్బుపడినవానిని ఆదుకొనుటయే ఆ సూత్రము.

పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేయు కర్మాగారములు, దుకాణములు, హోటళ్లు మొదలగు సంస్థలు ఈ పథకము క్రిందికి వచ్చును. నెలకు 21,000 రూపాయల వరకు జీతము పొందువారు ఇందులో చేరవలెనని 2017 జనవరి 1 నుండి నిర్ణయింపబడినది. 2019 జూలై 1 నుండి అమలైన లెక్క ప్రకారము, జీతములో నూటికి 3 రూపాయల 25 పైసలు యజమానియు, 75 పైసలు కార్మికుడును చందాగా చెల్లింతురు. 12,000 రూపాయల జీతము గలవాని వాటా 90 రూపాయలు. అతని యజమాని వాటా 390 రూపాయలు.

ఇక్కడ మనము ముందుగా గ్రహింపవలసిన భేద మొకటి కలదు. వైద్యము వేరు, భృతి వేరు. పనిలో చేరిన దినము నుండియే కార్మికునికిని, అతని కుటుంబమునకును వైద్యసహాయము లభించును. జబ్బు దినములకు ఇచ్చు నగదు భృతి మాత్రము అట్లు లభింపదు. దానికి రెండు రుజువులు కావలెను. మొదటిది జబ్బు రాకముందే, నెలల తరబడి కూడబెట్టుకొనునది. అదియే చందా లెక్క. రెండవది జబ్బుపడిన దినమున సంపాదించుకొనునది; అదియే వైద్య ధ్రువపత్రము. రెండింటిలో ఏ యొక్కటి లోపించినను భృతి రాదు.

చందా లెక్క ఎట్లుండునో చూతము. సంవత్సరము రెండు చందా కాలములుగా విభజింపబడినది. ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు మరియొకటి. మొదటి కాలములో కనీసము 78 దినములకు చందా పడినవానికి, తరువాతి జనవరి 1 నుండి జూన్ 30 వరకు భృతి పొందు అర్హత కలుగును. రెండవ కాలములో అట్లు పడినచో, రాబోవు జూలై 1 నుండి డిసెంబరు 31 వరకు అర్హత యుండును. నెలకు 26 పనిదినముల చొప్పున ఆరునెలలకు 156 దినములగును గనుక, అందులో సగము దినములు పనిచేసినవానికి ఈ నియమము అడ్డురాదు. క్రొత్తగా చేరినవానికి మాత్రము మొదటి భృతి కాలము సుమారు తొమ్మిది నెలల పిమ్మటనే ఆరంభమగును.

కావున నేటి జబ్బునకు అర్హత వెనుకటి ఆరునెలల హాజరుపై ఆధారపడియున్నదని స్పష్టమగుచున్నది. జీతము నుండి చందా కోయబడుచున్నది గదా యని నిశ్చింతగా నుండరాదు. అది తన బీమా సంఖ్య పేర జమ యగుచున్నదో లేదో కార్మికుడు అప్పుడప్పుడు విచారించుకొనవలెను. బీమా సంస్థవారి వెబ్‌సైటులో ఈ వివరములు చూచుకొను వీలు కలదు. జబ్బుపడిన పిమ్మట లోపము బయటపడినచో, మంచముపై నున్న మనిషి కార్యాలయముల చుట్టు తిరుగజాలడు.

ఇక ధ్రువపత్రము మాట. చట్టము దృష్టిలో జబ్బు అనగా కేవలము నలత కాదు. వైద్యము అవసరమై, ఆ కారణమున పని మానుట తప్పనిసరియైన స్థితియే జబ్బు. జలుబు చేసినవాడు మందు పుచ్చుకొని పనికి పోవచ్చును. అతనికి భృతి యుండదు. పని మానవలసిన అవసరము కలదని చెప్పవలసినవాడు కార్మికుడు కాదు, యజమాని కాదు, వైద్యుడు. బీమా డిస్పెన్సరీలో గాని, ఆసుపత్రిలో గాని ఉండు బీమా వైద్యాధికారి రోగిని పరీక్షించి వ్రాసి యిచ్చు మాటయే ఈ పత్రము. మొదటి పరీక్షలో మొదటి ధ్రువపత్రము ఇత్తురు. జబ్బు సాగినచో నడుమ నడుమ మరల పరీక్షించి మధ్యంతర పత్రములు ఇత్తురు. ఏ తేదీ నుండి పనికి పోదగునో తెలుపుచు కడపటి పత్రము ఇత్తురు. నడుమ ఒక పత్రము తప్పినచో ఆ దినములకు రుజువుండదు. పత్రములను ఇంటిలో దాచియుంచక, వెంటనే బీమా శాఖా కార్యాలయమునకు చేర్చుట మంచిది.

తరచుగా వచ్చు చిక్కు మరియొకటి యున్నది. సంక్రాంతికి స్వగ్రామము పోయిన కార్మికునికి అచ్చట జ్వరము తగిలినదనుకొందము. ఊరిలోని డాక్టరు మందిచ్చి చీటీ వ్రాసి యిచ్చును. ఆ చీటీ బీమా వైద్యాధికారి పత్రముతో సమానము కాదు. అయినను పరిస్థితులు సమంజసమని తోచినచో ఇతర సాక్ష్యమును కూడ అంగీకరించు అధికారము బీమా సంస్థకు కలదు. కావున దగ్గరలో బీమా డిస్పెన్సరీ యున్నచో అచ్చటికే పోవలెను. లేనిచో డాక్టరు చీటీని, మందుల రసీదులను, పరీక్షల కాగితములను తేదీలతో సహా భద్రపరచి, ఆలస్యము చేయక సమర్పింపవలెను. ఈ పని ఇంటి ఇల్లాండ్రు చేయదగినది. జ్వరములో నున్నవానికి కాగితముల ధ్యాస యుండదు.

భృతి ఎంత వచ్చును? సగటు దినవేతనములో నూటికి 70 వంతులు. వరుసగా వచ్చు రెండు భృతి కాలములలో మొత్తము 91 దినములకు మించరాదు. మొదటి రెండు దినములకు భృతి లేదు. దినమునకు 500 రూపాయల వేతనము గలవాడు పదిదినములు జబ్బుపడి పత్రములు పొందినచో, ఎనిమిది దినములకు 350 రూపాయల చొప్పున 2,800 రూపాయలు వచ్చును. భృతి పొందిన జబ్బు ముగిసిన 15 దినములలోగా మరల జబ్బుపడినచో, ఆ రెండు దినముల తగ్గింపు వర్తింపదు. యజమాని వద్ద జీతముతో కూడిన సెలవు పొందిన దినములకు భృతిని కూడ పొందుటకు వీలులేదు.

క్షయ, పక్షవాతము, క్యాన్సరు మొదలగు దీర్ఘవ్యాధులకు ప్రత్యేకమైన ఏర్పాటున్నది. రెండు సంవత్సరముల ఉద్యోగము, గత నాలుగు చందా కాలములలో 156 దినముల చందా ఉన్నవారికి, నూటికి 80 వంతుల చొప్పున రెండేండ్ల వరకు భృతి పొడిగింపబడును. క్షయరోగి నెలల తరబడి మందు విడువక వాడవలెను; ఇంటిలో పొయ్యి వెలుగుచుండినగాని ఆ మందు సాగదు.

భృతి పొందువాడు చికిత్సలో నుండవలెను. వైద్యుని మాట వినవలెను. కోలుకొనుటకు ఆటంకమగు పనులు చేయరాదు. జబ్బు లేకయే పత్రము సంపాదించువాడు తోటివారి చందా సొమ్మును అపహరించుటయే గాక, నిజమైన రోగిపై అనుమానము రేకెత్తించుచున్నాడు. అట్టి మోసము శిక్షార్హము.

ఈ భృతి దానము కాదు; కార్మికుడు ముందుగా చెల్లించి సంపాదించుకొన్న హక్కు. మన ఇండ్లలో బీమా సంఖ్య, డిస్పెన్సరీ పేరు, చందా వివరములు ఒక్కచోట వ్రాసి యుంచుకొందుము గాక. ఆరోగ్యముగా నున్న దినమున చేసిన ఆ చిన్నపని, జబ్బు దినమున అప్పు చేయవలసిన అవసరమును తప్పింపగలదు.