ఇంటి విలువ ఎక్కువ రాశారా? ఊరుకోకండి!

ఆ కవరు మా ఇంటికి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో ‘ఇది పన్ను బిల్లు కాదు’ అని ఉంది. బిల్లు కాదుగదా అని మావారు దాన్ని ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించి ఆఫీసుకు వెళ్లిపోయారు. పది రోజులపాటు ఆ కాగితం పక్కనుంచే పాలూ పెరుగూ తీసుకుంటూ నేనూ పట్టించుకోలేదు. టెక్సస్‌లో మనవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఇదే సుమండీ!

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు ఎన్నో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డాయి. ఈ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్ర ప్రభుత్వం ఆదాయపు పన్ను వేయదు. ఆహా ఎంత బాగుందో అనుకుంటాం. కానీ బడులు, కౌంటీ, ఊరి పాలన నడవాలంటే ఇంటిపన్నే పెద్ద ఆధారం. మా ఇంటికైతే ఏడాదికి 8 వేల డాలర్ల పైమాటే! ఫోన్లో ఆ లెక్క విని మా అత్తయ్యగారు, “ఏడాదికా అమ్మా? సొంత ఇంటికా? అద్దెకున్నట్టే ఉందే!” అని నోరు నొక్కుకున్నారు.

ఇంటి అప్పు తీసుకున్నవాళ్లలో చాలామందికి ఈ పన్ను విడిగా కనిపించదు. నెలనెలా కట్టే వాయిదాలోనే కలిపి తీసుకుని బ్యాంకువాళ్లే కట్టేస్తారు. అందుకే పన్ను పెరిగిందన్న సంగతి మరుసటి ఏడు వాయిదా పెరిగినప్పుడు గానీ తెలియదు. అప్పుడు చేతులు నలుపుకుని లాభం లేదు. అడగవలసిన సమయం ఆ ‘బిల్లు కాని’ కాగితం వచ్చినప్పుడే. జనవరి 1 నాటికి మీ ఇల్లు ఇంత విలువ చేస్తుందని కౌంటీ అప్రైజల్ ఆఫీసు అందులో రాస్తుంది. కాదనదలచుకుంటే మే 15 లోగాగానీ, నోటీసు పంపిన 30 రోజుల్లోగాగానీ, ఏది తర్వాతైతే అప్పటిలోగా ‘ప్రొటెస్ట్’ చేయాలి. దీనికి రుసుము లేదు. లాయరు అక్కర్లేదు.

మా నోటీసులో విలువ 4,92,000 డాలర్లు. ఎక్కువో తక్కువో నాకేం తెలుసు? వెనక వీధిలో ఉండే వదిన చెప్పేదాకా తెలియలేదు. ఆవిడది గుంటూరు. ఇద్దరివీ ఒకే బిల్డరు ఒకే నమూనాలో కట్టిన ఇళ్లు. గచ్చు నుంచి పోపులపెట్టె పెట్టుకునే అలమర దాకా ఒకటే. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, “మాకు 4,55,000 వేశారమ్మా” అంది. నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

అప్రైజల్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఎవరి ఇంటి వివరాలైనా చూడొచ్చు. ఇద్దరం కూర్చుని చూశాం. వాళ్ల ఇల్లు 2,640 చదరపు అడుగులు. మాది 2,840! ఒకే అచ్చులో పోసిన రెండు ఇడ్లీల్లో ఒకటి పెద్దదెలా అయింది?

పిల్లలు బడికి వెళ్లాక టేపు తీసుకుని గదిగదీ కొలిచాను. ఎంత కూడినా 2,840 రాలేదు. చివరికి హాల్లో నిలబడి పైకి చూస్తే అర్థమైంది. మా హాలుకి కప్పు రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. పైఅంతస్తులో ఆ మేరకు నేల లేదు, మెట్లెక్కి కటకటాల దగ్గర నిలబడితే కింద సోఫా కనిపిస్తుంది. ఆ ఖాళీ 16 అడుగులు, 12 అడుగుల 6 అంగుళాలు. గుణిస్తే సరిగ్గా 200 చదరపు అడుగులు! లేని నేలకి విలువ కట్టారన్నమాట. గాలికి పన్ను!

ప్రొటెస్ట్ ఫారంలో కారణాలకు గడులుంటాయి. బజారు విలువ కంటే ఎక్కువ వేశారన్నది ఒకటి, తోటి ఇళ్లతో పోలిస్తే సమానంగా లేదన్నది ఇంకొకటి. రెండింటికీ టిక్కు పెట్టండి. ఒకటి నిలవకపోయినా రెండోది నిలవొచ్చు. విచారణకు ముందు, ఆఫీసువాళ్లు చూపబోయే ఆధారాలు మాకూ ఇవ్వండని రాతపూర్వకంగా అడగండి. అడిగితే విచారణకు 14 రోజుల ముందే ఇవ్వాలి. వాళ్లు మన ఇంటిని ఏయే ఇళ్లతో పోల్చారో అందులో తెలుస్తుంది.

ఇక మన ఆధారాలు. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో బయటపెట్టాలన్న నిబంధన లేదు. కాబట్టి పక్క ఇళ్ల అమ్మకం ధరలు కావాలంటే తెలిసిన రియల్టరును అడగడమే సులువు. నాకు అసలైన ఆధారం అల్మారాలోనే దొరికింది. ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు చేయించిన అప్రైజల్ రిపోర్టు! అందులో ఇంటి పటం, గదుల కొలతలు, మొత్తం 2,640 అని స్పష్టంగా ఉంది. ఆ కాగితాల కట్ట పారేయకండమ్మా. పెళ్లి ఆల్బంలాగా భద్రంగా దాచుకోండి.

ముందు ఆఫీసులో ఒక అధికారితో మామూలు మాటల్లో చర్చ ఉంటుంది. ఆయన మర్యాదస్తుడే. నా పటం చూసి, కాసేపు కంప్యూటరు నొక్కి, “4,80,000 చేస్తాను, సంతకం పెట్టండి” అన్నాడు. మావారికి ఫోన్ చేస్తే, “వచ్చిందే చాలు, పెట్టేసి వచ్చెయ్” అన్నారు. కలం చేతికి తీసుకున్నాను కూడా. సంతకం పెడితే ఆ ఏడాదికి కథ అక్కడితో సరి. కానీ కొలత తప్పని ఒప్పుకున్నాక సగం తప్పు మాత్రమే దిద్దుతాననడం ఏమిటి? కలం కింద పెట్టేశాను. “బోర్డుకే వెళ్తానండీ” అన్నాను. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు!

రివ్యూ బోర్డు అంటే కోర్టు కాదు. అక్కడ కూర్చునేది ఊళ్లో ఉండే మామూలు మనుషులే. మా బల్లకు అవతల ముగ్గురున్నారు, పక్కన ఆఫీసు తరపు మనిషి. కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. పావుగంటకు మించి సమయం ఇవ్వలేదు. నా ఇంగ్లీషు తడబడింది. అయినా పటం, హాలు ఫోటో, వెనక వీధి ఇంటి వివరాల కాగితం తలా ఒక కాపీ ఇచ్చాను. ఫోటోలో కటకటాలు చూసి ఆ ముగ్గురిలో ఉన్న పెద్దావిడ, “ఓహో, ఇక్కడ నేలే లేదు” అంది. ఆ మాట నేను చెప్పనవసరం లేకపోయింది.

అన్నీ గెలవలేదు లెండి. అక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. అందుకే వేసవిలో మొక్కలకు పోసినట్టు ఇంటి పునాది చుట్టూ నీళ్లు పెడుతుంటారు. మా వెనక గోడకు పగులొచ్చింది. దాని ఫోటోలు చూపించి విలువ ఇంకా తగ్గించమన్నాను. “బాగుచేయడానికి ఎంతవుతుందో అంచనా తెచ్చారా?” అని అడిగారు. తేలేదు. ఆ వాదన అక్కడితో పోయింది. మీరు వెళ్లేటప్పుడు రిపేరు కంపెనీ రాసిచ్చిన అంచనా పట్టుకెళ్లండి.

చివరికి 4,58,000 అన్నారు. 34,000 తగ్గింది. మా ఊరి పన్ను రేటు అన్నీ కలిపి 2 శాతం దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, ఏడాదికి సుమారు 680 డాలర్లు, అంటే నెలకు 57. మా ఇంటి బియ్యం, పప్పులు, నూనె అందులో వెళ్లిపోతాయి. బోర్డు తీర్పు కూడా నచ్చకపోతే మధ్యవర్తి దగ్గరికో, 60 రోజుల్లో జిల్లా కోర్టుకో వెళ్లే దారి ఉంది. మాకు ఆ అవసరం పడలేదు.

ఇల్లు మా ఇద్దరి పేరా ఉంది గనుక నేనే వెళ్లాను. భర్త పేరనే ఉంటే మీరు మాట్లాడటానికి అధికార పత్రం కావాలేమో ముందే ఆఫీసులో కనుక్కోండి. ఆఫీసుకు వెళ్లలేనివారు బోర్డు ముందు ఫోన్లో కూడా చెప్పుకోవచ్చు. వచ్చిన లాభంలో వాటా తీసుకుని మన తరపున వాదించే ఏజెంట్లూ ఉన్నారు. కాని మా హాల్లో నేల లేదన్న సంగతి ఏ ఏజెంటు వచ్చి చూస్తాడు?

ఇంకో సంగతి. సొంతంగా ఉంటున్న ఇంటికి ‘హోమ్‌స్టెడ్’ మినహాయింపు పెట్టుకున్నారా? డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామాయే ఉండాలి. బడి పన్ను లెక్కలో 2023 నుంచి లక్ష డాలర్లు, 2025 నుంచి 1,40,000 డాలర్లు విలువలోంచి తీసేస్తున్నారు. పైగా అది వచ్చిన మరుసటి ఏడాది నుంచి, ఇంటికి కొత్తగా ఏమీ కట్టకపోతే, పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదు. మేము 2024లో పెట్టుకున్నాం. అంటే 2025లో ఆ 10 శాతం లెక్క 4,92,000 మీద కాకుండా 4,58,000 మీద మొదలైంది.

ఇంటిపన్ను నోటీసు మన ఊళ్లో మున్సిపాలిటీ నుంచి వచ్చినా సరే, ముందు అందులో రాసిన కొలత చూడండి. టేపు ఎలాగూ మీ కుట్టుమిషను సొరుగులో ఉంటుంది.