తల జిడ్డు పోవాలంటే

బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద వరి పొలాలు ఉన్నాయి. ఆడవాళ్లు ఎండలో నాట్లు వేస్తారు. చెమట, దుమ్ము, తలనూనె కలిసి నెత్తికి జిడ్డు పడుతుంది. దురద పెడుతుంది.

సబ్బుతో రుద్దినా జిడ్డు పోదు. ఎందుకు? కొన్ని బోరింగుల నీళ్లలో సున్నం ఎక్కువ. అందులో సబ్బు నురగ రాదు. తెల్లటి మడ్డి అవుతుంది. ఆ మడ్డి వెంట్రుకలకు అంటుకుంటుంది.

కుంకుడుకాయలకు ఈ మడ్డి రాదు. పది కాయలు కొట్టి గింజలు తీసేయాలి. రాత్రి వేడినీళ్లలో నానబెట్టాలి. పొద్దున పిసికి వడకట్టాలి. కళ్లు మూసుకొని తల రుద్దుకోవాలి. జిడ్డు ఎక్కువుంటే రెండుసార్లు రుద్దాలి. నీళ్లు బాగా పోసుకోవాలి.

గ్యాసునూనె, బట్టల సోడా తలకు పెట్టొద్దు. చర్మం కాలి పుండ్లవుతాయి. నెత్తి మీద చీము కనబడితే సర్కారు దవాఖానకు పోవాలి.