వార్తల్లో పదం: బయోమైనింగ్

ఏళ్ల తరబడి గుట్టలుగా పేరుకున్న పాత చెత్తను తవ్వి, శుద్ధిచేసి, కింది నేలను మళ్లీ వాడుకలోకి తెచ్చే ప్రక్రియే బయోమైనింగ్. 2025 అక్టోబరు 2 నాటికి 85 లక్షల టన్నుల పాత చెత్తను తొలగించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకోవడంతో ఈ మాట తరచూ వినిపించింది.

ఎలా చేస్తారు?: ముందుగా గుట్టను తవ్వి వరుసలుగా పోస్తారు. సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, అప్పుడప్పుడు తిరగేస్తూ కొన్ని వారాలు ఆరనిస్తారు. దుర్వాసన, తేమ తగ్గాక జల్లెడ యంత్రాల్లో వేసి వేరుచేస్తారు. ప్లాస్టిక్, గుడ్డపీలికలు సిమెంటు ఫ్యాక్టరీలకు ఇంధనంగా వెళతాయి. రాళ్లు, పెంకులు పల్లాల పూడికకు పనికొస్తాయి. మిగిలిన మట్టిలో సీసం వంటి భారలోహాలు ఉండొచ్చు కనుక, పరీక్షించకుండా పొలాల్లో వేయకూడదు.

ఫలితం?: ఇండోర్‌లో 13 లక్షల టన్నుల చెత్తను ఇలా తొలగించి, సుమారు 100 ఎకరాలను తిరిగి దక్కించుకున్నారు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో మాత్రం గుట్టను తొలగించకుండా పైనుంచి కప్పేశారు.

భీమవరానికి ఎందుకు ముఖ్యం?: మన ఊరున్న డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. చెత్త నుంచి ఊరే మురుగు యనమదుర్రు వంటి డ్రెయిన్లకు, చేపల చెరువులకు చేరితే నష్టం ఊరందరిదీ. బాగుచేసిన స్థలాన్ని పార్కుగానో, ఆటస్థలంగానో ప్రజలకే అప్పగించాలి. అక్కడ మళ్లీ గుట్ట లేవకూడదంటే, తడి, పొడి చెత్తను మన ఇంటి దగ్గరే వేరుచేసి ఇవ్వాలి.